టేప్ లైబ్రరీ రోబో మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి: లైనక్స్‌లో మీడియా ఛేంజర్ నడిపే పద్ధతి

మీరు చెప్పిన సెటప్ ఇది: టేపులు పెట్టే 24 స్లాట్ల (గదుల) లైబ్రరీ, అందులో టేపులు చదివి రాసే రెండు ఎల్‌టీఓ-9 (తొమ్మిదో తరం బ్యాకప్ టేపు) డ్రైవులు, ఎస్‌ఏఎస్ కేబుల్‌తో లైనక్స్ సర్వర్‌కు కనెక్షన్, పైన బ్యాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్. ఇబ్బందులు మూడు. సర్వర్ రీబూట్ అయితే ఒక్కోసారి ఛేంజర్ (టేపులు మార్చే రోబో) పేరు మారిపోతోంది, ఒక్కోసారి అసలు కనబడట్లేదు. అన్‌లోడ్ కమాండ్ అప్పుడప్పుడు ఫెయిలవుతోంది. కొత్త టేపులు లోడ్ చేస్తే డ్రైవ్ రెడీ కాకుండానే జాబ్ టైమవుట్ అవుతోంది. రోబో చెయ్యి పాడైందని సర్వీసు వాళ్లను పిలవాలా అని అడిగారు.

ఇప్పుడే పిలవకండి. ఈ మూడింటిలో ఏదీ చెయ్యి పాడైన లక్షణం కాదు. రోబోకు సొంత తెలివి ఉండదు. ఫలానా నంబర్ గదిలోంచి తీసి ఫలానా నంబర్ గదిలో పెట్టు అంటే పెడుతుంది, అంతే. ఏ గదిలో ఏముందో సర్వర్ అనుకునేది ఒకటి, లైబ్రరీ లెక్కలో ఉన్నది ఇంకొకటి అయినప్పుడే గొడవ మొదలవుతుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో ముందు చూద్దాం. స్కజీ (సర్వర్ ఇలాంటి పరికరాలతో మాట్లాడే కమాండ్ల ప్రమాణం) భాషలో లైబ్రరీలోని ప్రతి చోటూ ఒక ఎలిమెంట్. నాలుగు రకాలు: 1 అంటే రోబో చెయ్యి, 2 అంటే స్లాట్, 3 అంటే మెయిల్ స్లాట్ (బయటి నుంచి టేపు పెట్టి తీసే చోటు), 4 అంటే డ్రైవ్. ఒక్కోదానికీ 16 బిట్ల అడ్రస్ ఉంటుంది. అవి 1 నుంచి వరసగా ఉండాలన్న నియమం లేదు. డ్రైవులు 256 దగ్గర, స్లాట్లు 4096 దగ్గర మొదలయ్యే లైబ్రరీలు ఉన్నాయి. ఎక్కడ మొదలై ఎన్ని ఉన్నాయో మోడ్ సెన్స్ అనే స్కజీ కమాండ్ ఇచ్చే పేజీ 1డీ చెబుతుంది. రోబోను నడిపే ఎమ్‌టీఎక్స్ అనే కమాండ్ ఆ పేజీ చదువుకుని మనకు తేలిక నంబర్లు చూపిస్తుంది: స్లాట్లు 1 నుంచి, డ్రైవులు 0 నుంచి. కాబట్టి లైబ్రరీ వెబ్ పేజీలోనో ఎర్రర్ లాగ్‌లోనో 4100 అని కనబడితే కంగారుపడొద్దు, అది మీ ఎమ్‌టీఎక్స్‌లో స్లాట్ 5 కావచ్చు. ఇంకో తిరకాసు: మెయిల్ స్లాట్‌ను ఎమ్‌టీఎక్స్ చివర్లో కలిపి లెక్కిస్తుంది. స్టేటస్ మొదటి వరసలో 2 డ్రైవులు, 24 స్లాట్లు, అందులో 1 ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ అని వస్తే, టేపులు దాచుకోవడానికి ఉన్నవి 23 మాత్రమే. 24వది బయటి తలుపు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు దాన్ని మామూలు స్లాట్‌గా అప్పగిస్తే ఎవరో టేపు తీసుకెళ్లిన రోజు తెలుస్తుంది తేడా.

ఇక మొదటి ఇబ్బంది, పేరు మారడం. ఎల్‌ఎస్ స్కజీ కమాండ్‌ను మైనస్ జీ ఆప్షన్‌తో నడపండి. డ్రైవులు రెండూ టేప్ అనీ, ఛేంజర్ మీడియమ్‌ఎక్స్ అనీ వస్తాయి. వరస చివర్లో ఎస్‌జీ3 లాంటి పేరు ఉంటుంది, ఎమ్‌టీఎక్స్‌కు మైనస్ ఎఫ్ తర్వాత ఇవ్వాల్సింది అదే. అక్కడ పేరుకు బదులు ఒట్టి గీత ఉంటే ఎస్‌జీ అనే కెర్నల్ మాడ్యూల్ లోడ్ కాలేదని అర్థం. మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఎక్కించి, బూట్‌లో కూడా ఎక్కేలా రాసి పెట్టండి.

ఎస్‌జీ నంబర్ శాశ్వతం కాదు. కెర్నల్‌కు ఏ పరికరం ముందు కనబడితే దానికి ముందు నంబర్. ఒక డిస్క్ కలిపినా, ఒక డ్రైవ్ లేచేసరికి ఆలస్యమైనా నంబర్లు జరుగుతాయి. కాబట్టి ఎస్‌జీ3 అనే పేరునూ, టేప్ డ్రైవుకు కెర్నల్ ఇచ్చే ఎన్‌ఎస్‌టీ0 అనే పేరునూ ఏ కాన్ఫిగ్ ఫైల్‌లోనూ రాయొద్దు. డ్రైవులకు డెవ్ డైరెక్టరీలో టేప్ కింద బై-ఐడీ అనే ఫోల్డర్‌లో సీరియల్ నంబర్‌తో లింకులు ఉంటాయి, చివర ఎన్‌ఎస్‌టీ అని ఉన్నదాన్ని వాడండి. ఛేంజర్‌కు మీ డిస్ట్రోలో అలాంటి లింకు లేకపోతే యూడెవ్ (లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టేది) రూల్ ఒకటి రాసుకోవాలి: సబ్‌సిస్టమ్ స్కజీ జెనెరిక్, టైప్ 8, ఈ రెండూ కలిస్తే ఛేంజర్ అనే సిమ్‌లింక్ ఇవ్వమని. టైప్ 8 అంటే స్కజీలో మీడియా ఛేంజర్, టేప్ డ్రైవ్‌కు టైప్ 1. లైబ్రరీ ఒక్కటే అయితే ఇంతే చాలు, రెండుంటే సీరియల్ నంబర్ కూడా జత చేయాలి.

అసలు కనబడకపోవడానికి మాత్రం కారణాలు వేరే. మీది లాంటి చిన్న లైబ్రరీల్లో ఛేంజర్‌కు ప్రత్యేకంగా కేబుల్ ఉండదు. ఏదో ఒక డ్రైవ్ కేబుల్ మీదే సవారీ చేస్తుంది: డ్రైవ్ లన్ 0, ఛేంజర్ లన్ 1 (లన్ అంటే ఒకే కనెక్షన్ మీద ఉన్న పరికరాలకు ఇచ్చే నంబర్). లైబ్రరీ సెట్టింగుల్లో దీన్ని కంట్రోల్ పాత్ అంటారు. ఆ డ్రైవ్ ఆఫ్‌లైన్ అయినా, దాని కేబుల్ వదులైనా రెండో డ్రైవ్ బాగానే పనిచేస్తూ రోబో ఒక్కటే మాయమవుతుంది. ముందు జాగ్రత్త కోసం రెండు డ్రైవుల మీదా కంట్రోల్ పాత్ ఆన్ చేస్తే మీడియమ్‌ఎక్స్‌లు రెండు కనబడతాయి. అవి రెండు రోబోలు కావు, ఒకే రోబోకు రెండు తలుపులు. పైన చెప్పిన యూడెవ్ రూల్ అప్పుడు రెండింటికీ తగిలి, సిమ్‌లింక్ ఎటు పడుతుందో తెలియకుండా పోతుంది. మీ స్థాయి సెటప్‌కు ఒక్క పాత్ చాలు. రెండోది ఎలా ఆన్ చేయాలో కాగితం మీద రాసి రాక్ తలుపుకు అంటించండి.

కేబుల్‌ను రెయిడ్ కార్డుకు పెట్టి ఉంటే అక్కడే ఆగండి. చాలా రెయిడ్ కార్డులు డిస్కులను తప్ప టేపులను పట్టించుకోవు, డ్రైవును చూపించినా లన్ 1ని చూపించవు. టేపుకు మామూలు ఎస్‌ఏఎస్ హెచ్‌బీఏ (పరికరాలను నేరుగా సర్వర్‌కు కలిపే కార్డు) విడిగా పెట్టుకోవడమే సరైన దారి.

పవర్ ఆన్ వరస కూడా ముఖ్యం. లైబ్రరీ లేచాక రోబో ప్రతి స్లాట్ ముందుకూ వెళ్లి బార్‌కోడ్ చదువుతుంది, దానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా సర్వర్ బూట్ అయిపోతే కెర్నల్‌కు ఛేంజర్ దొరకదు. ముందు లైబ్రరీ, ప్యానెల్ మీద రెడీ అని వచ్చాకే సర్వర్. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండూ ఒకేసారి లేస్తాయి కాబట్టి రీబూట్ తర్వాత ఒక్కోసారి కనబడట్లేదన్న మీ ఫిర్యాదుకు నేను మొదట అనుమానించేది దీన్నే. అలా జరిగితే సర్వర్‌ను మళ్లీ రీబూట్ చేయక్కర్లేదు. సిస్ డైరెక్టరీలో క్లాస్ కింద స్కజీ హోస్ట్‌లో మీ హెచ్‌బీఏకు ఉన్న స్కాన్ ఫైల్‌లోకి మధ్యలో ఖాళీలతో మూడు హైఫన్లు ఎకో చేస్తే కెర్నల్ మళ్లీ వెతుకుతుంది.

రూట్‌గా ఎమ్‌టీఎక్స్ నడిపితే పనిచేసి, బ్యాకులా నడిపితే పర్మిషన్ డినైడ్ అంటే స్టోరేజ్ డీమన్ (బ్యాకులాలో టేపుల పని చూసే ప్రోగ్రామ్) నడిచే యూజర్ టేప్ గ్రూపులో లేడు. కలిపి డీమన్‌ను రీస్టార్ట్ చేయండి. టెస్టులన్నీ రూట్‌గా చేసుకుని అంతా బాగుందనుకోవడం చాలా మంది చేసే పొరపాటు.

రెండు డ్రైవులున్న చోట ఇంకొకటి తప్పకుండా సరిచూసుకోవాలి. ఎమ్‌టీఎక్స్ చెప్పే డ్రైవ్ 0, కెర్నల్ చెప్పే ఎన్‌ఎస్‌టీ0 ఒకటే అని ఎవరూ హామీ ఇవ్వలేదు. లైబ్రరీ తన లోపలి వరస ప్రకారం లెక్కిస్తుంది, కెర్నల్ తనకు కనబడిన వరస ప్రకారం. తారుమారైతే రోబో టేపును ఒక డ్రైవులో పెడుతుంది, సాఫ్ట్‌వేర్ ఇంకో డ్రైవు ముందు కాపలా కాస్తుంది. చూసేవాళ్లకు అది కూడా టైమవుట్‌లాగే ఉంటుంది. తేల్చుకోవడం తేలికే. రెండు డ్రైవులూ ఖాళీ చేసి, ఎమ్‌టీఎక్స్ లోడ్ 5 0 అని ఇవ్వండి. ఒక నిమిషం ఆగి బై-ఐడీ లింకులు రెండింటి మీదా ఎమ్‌టీ (టేప్ డ్రైవును నడిపే కమాండ్) స్టేటస్ చూడండి. ఆన్‌లైన్, బీఓటీ (టేపు మొదట్లో ఉంది) అని ఏది చెబితే అది డ్రైవ్ 0. రెండోది డీఆర్ ఓపెన్ (లోపల టేపు లేదు) అంటుంది. బ్యాకులాలో ఆ సీరియల్ నంబర్ లింకును ఆర్కైవ్ డివైస్‌గా రాసి, డ్రైవ్ ఇండెక్స్ 0 ఇవ్వండి. డ్రైవ్ మార్చినప్పుడల్లా సీరియల్ మారుతుంది కాబట్టి ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఈ పరీక్షకు వాడిన టేపు పాతది అయ్యుండాలి, ఎందుకో కింద తెలుస్తుంది.

ఇప్పుడు అన్‌లోడ్ సంగతి. టేపు డ్రైవులో ఉన్నప్పుడు డ్రైవే దానికి యజమాని. అది వదిలితేనే రోబో పట్టుకోగలదు. కొన్ని లైబ్రరీలు మూవ్ కమాండ్ రాగానే డ్రైవుకు తామే చెప్పి ఎజెక్ట్ చేయిస్తాయి, కొన్ని చేయించవు. మీరు మాత్రం ఎప్పుడూ చేయించదనే అనుకుని నడపండి: ముందు ఎన్‌ఎస్‌టీ మీద ఎమ్‌టీ ఆఫ్‌లైన్, అది ముగిశాక ఎమ్‌టీఎక్స్ అన్‌లోడ్. టేపు ఎక్కడ ఆగి ఉందన్నదాన్ని బట్టి మొదటికి చుట్టుకోవడానికే నిమిషం దాటొచ్చు, ఆ సమయం ఇవ్వాలి. బ్యాకులా వాడే ఎమ్‌టీఎక్స్-ఛేంజర్ స్క్రిప్ట్ పక్కన ఒక కాన్ఫ్ ఫైల్ ఉంటుంది. అందులో ఆఫ్‌లైన్ అనే విలువ మామూలుగా 0 ఉంటుంది, దాన్ని 1 చేయండి. ఎజెక్ట్ అయ్యాక లైబ్రరీ తేరుకోవడానికి ఆఫ్‌లైన్ స్లీప్‌ను 10 సెకన్లు పెట్టి చూడండి.

అయినా ఫెయిలైతే ఎమ్‌టీఎక్స్ ఎర్రర్‌ను పూర్తిగా చదవండి. మెసేజ్ పొడుగ్గా ఉంటుంది కానీ మనకు కావలసినవి రెండే సంఖ్యలు, అడిషనల్ సెన్స్ కోడ్, దాని క్వాలిఫయర్. అవి హెక్స్‌లో ఉంటాయి.

53, 02 వస్తే మీడియా తీయడం నిషేధించబడి ఉంది. బ్యాకప్ ప్రోగ్రామ్ డ్రైవుకు తాళం వేసి, తీయకుండానే చచ్చిపోయింది. ఎమ్‌టీ అన్‌లాక్ ఇచ్చి, తర్వాత ఆఫ్‌లైన్ ఇవ్వండి. ఫైబర్ ఛానెల్ మీద ఇంకో సర్వర్ కూడా ఆ డ్రైవును చూస్తుంటే, ఆ తాళం వేసిన సర్వర్ నుంచే తీయాలి, మీ వైపు నుంచి ఎన్నిసార్లు అన్‌లాక్ కొట్టినా లాభం లేదు. ఇదే నిషేధం ఛేంజర్ మీద కూడా పడుతుంది, అప్పుడు మెయిల్ స్లాట్, మ్యాగజైన్లు (స్లాట్లు ఉండే ట్రేలు) తెరుచుకోవు. దానికి ఎస్‌జీ ప్రివెంట్ అనే టూల్‌లో అలౌ ఆప్షన్ ఉంది.

3బీ, 0డీ అంటే చేరాల్సిన చోటు నిండి ఉంది. 3బీ, 0ఈ అంటే తీయాల్సిన చోటు ఖాళీ. ఈ రెండూ వస్తే సాఫ్ట్‌వేర్ కేటలాగ్ పాతబడిందని అర్థం: ఎవరో ప్యానెల్ నుంచి చేత్తో టేపులు జరిపారు. ఎమ్‌టీఎక్స్ స్టేటస్ చూసి, బ్యాకులాలో అప్‌డేట్ స్లాట్స్ ఇవ్వండి. అది బార్‌కోడ్‌లు మాత్రమే చదువుతుంది కాబట్టి త్వరగా ముగుస్తుంది. స్కాన్ అని జత చేస్తే ఒక్కో టేపునూ డ్రైవులో పెట్టి లేబుల్ చదువుతుంది, గంటలు పట్టే పని, బార్‌కోడ్ లేని టేపులుంటే తప్ప వద్దు. 28, 01 అంటే మెయిల్ స్లాట్‌ను ఎవరో తెరిచారు, 29, 00 అంటే లైబ్రరీ రీసెట్ అయింది. ఇవి తప్పులు కావు, కబుర్లు. ఒకసారి వచ్చి పోతాయి, అదే కమాండ్ మళ్లీ ఇస్తే నడుస్తుంది. 15, 01 మాత్రం యంత్ర భాగం సరైన చోటికి చేరలేదని. మీరు సర్వీసు వాళ్లను పిలవాల్సింది ఈ కోడ్ పదే పదే వచ్చినప్పుడు.

ఎర్రర్ లేకుండానే ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. డ్రైవులో టేపు ఉండగా లైబ్రరీకి పవర్ పోయి వస్తే, ఆ టేపు ఏ స్లాట్ నుంచి వచ్చిందో కొన్ని లైబ్రరీలు మరిచిపోతాయి. స్టేటస్‌లో మామూలుగా డ్రైవ్ 0 నిండి ఉంది, స్లాట్ 5 నుంచి అని రావాల్సిన చోట, తెలియని స్లాట్ అని వస్తుంది. అప్పుడు ఉత్త అన్‌లోడ్ ఇవ్వకుండా, ఖాళీ స్లాట్ ఒకటి చూసి దాని నంబర్ చెప్పి ఇవ్వండి. ఆ తర్వాత అప్‌డేట్ స్లాట్స్.

డివైస్ బిజీ అంటే వేరే ప్రాసెస్ ఎన్‌ఎస్‌టీని తెరిచి పట్టుకుంది. ఫ్యూజర్ కమాండ్‌తో అదేదో చూసి ఆపండి. మానిటరింగ్ స్క్రిప్టులు ఇందులో పెద్ద దొంగలు. పైగా వాటిని రాసినవాళ్లు ఎన్‌ఎస్‌టీకి బదులు ఎస్‌టీ0 మీద స్టేటస్ అడుగుతారు. ఎస్‌టీ పేరుతో తెరిచి మూస్తే టేపు మొదటికి చుట్టుకుంటుంది, ఎన్‌లో ఉన్న తేడా అదే. రెండు జాబుల మధ్య ఖాళీలో అలా చుట్టుకుంటే తర్వాతి జాబ్ టేపు మొదట్లో నిలబడుతుంది. బ్యాకులా స్థానం సరిచూసుకుంటుంది కాబట్టి ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. టార్ కమాండ్‌తో టేపు మీద నేరుగా రాసేవాళ్లకైతే పాత బ్యాకప్ మీద కొత్తది పడిపోతుంది.

ఛేంజర్‌కు కూడా ఇదే సూత్రం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. బ్యాకులా నడుస్తుండగా మీరు చేత్తో ఎమ్‌టీఎక్స్ కమాండ్లు ఇవ్వకండి, ఇవ్వక తప్పకపోతే ముందు డ్రైవును బ్యాకులాలో అన్‌మౌంట్ చేయండి. సొంత స్క్రిప్టులు ఉంటే అన్నీ ఎఫ్‌లాక్ కమాండ్‌తో, ఒకసారికి ఒక్కటే నడిచేలా, ఒకే లాక్ ఫైల్ మీద నడిచేలా రాయండి. స్క్రిప్టులో ఇంకో అలవాటు: కమాండ్ సున్నా రిటర్న్ చేసిందని నమ్మి ముందుకెళ్లకుండా, లోడ్ తర్వాత స్టేటస్ మళ్లీ చదివి డ్రైవులో ఉన్న బార్‌కోడ్ మనం అడిగినదేనా అని పోల్చండి. నాలుగు లైన్ల పని.

మూడోది, కొత్త టేపుల టైమవుట్. ఇది మీ తప్పూ కాదు, లైబ్రరీ తప్పూ కాదు, ఎల్‌టీఓ-9 స్వభావం. కొత్త ఎల్‌టీఓ-9 టేపును మొదటిసారి డ్రైవులో పెట్టగానే డ్రైవ్ దాన్ని కొలిచి, తనకు తగినట్టు సిద్ధం చేసుకుంటుంది. సగటున 40 నిమిషాలు, ఒక్కోసారి 2 గంటల దాకా పడుతుంది. టేపు జీవితంలో ఒక్కసారే జరుగుతుంది. ఎల్‌టీఓ-8 దాకా ఇది లేదు, అందుకే పాత స్క్రిప్టులకు ఈ విషయం తెలియదు. ఎమ్‌టీఎక్స్ లోడ్ మాత్రం మామూలుగానే సెకన్లలో ముగుస్తుంది, ఎందుకంటే రోబో పని టేపును డ్రైవులో పెట్టడంతో సరి. ఎమ్‌టీఎక్స్-ఛేంజర్ స్క్రిప్ట్ ఆ తర్వాత డ్రైవ్ రెడీ కోసం సెకనుకోసారి అడుగుతూ 300 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. మధ్యలో విసుగొచ్చి ప్యానెల్ నుంచి ఎజెక్ట్ కొట్టారా, మళ్లీ మొదటి నుంచి.

300ను 7,500 చేయడం ఒక మార్గం కానీ నాకు నచ్చదు. నిజంగా డ్రైవ్ చచ్చినరోజు కూడా రెండు గంటలు కూర్చుంటుంది. కొత్త టేపులు వచ్చిన రోజే అన్నీ సిద్ధం చేసి పెట్టుకోవడం మేలు. పెట్టెలోంచి తీసి లైబ్రరీ ఉన్న గదిలోనే ఒక రోజు ఉంచండి, ఆ గది వేడికీ తేమకూ టేపు అలవాటు పడాలి. సిద్ధం చేయడం కూడా అది వాడబోయే గదిలోనే జరగాలి. ఏసీ ఆగిన మే నెల మధ్యాహ్నం చేయించవద్దు. తర్వాత ఒక చిన్న లూప్ రాసి, స్లాట్ తర్వాత స్లాట్ లోడ్ చేసి, ఎమ్‌టీ స్టేటస్ ఆన్‌లైన్ చెప్పేదాకా ఆగి, ఆఫ్‌లైన్, అన్‌లోడ్. 20 టేపులకు రెండు డ్రైవులూ వాడితే సగటు లెక్కన ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రికి వదిలేస్తే పొద్దున్నకు అయిపోతుంది. ఎల్‌టీఓ-7 టేపులు ఇంకా ఉంటే ఈ డ్రైవులు వాటిని చదవలేవని గుర్తుంచుకోండి, 8, 9 మాత్రమే.

క్లీనింగ్ గురించి రెండు మాటలు. లైబ్రరీయో, సాఫ్ట్‌వేరో, ఒక్కళ్లే చేయాలి. లైబ్రరీకి అప్పగించడం తేలిక. వారానికోసారి అంటూ షెడ్యూల్ పెట్టకండి. టేప్‌ఇన్ఫో కమాండ్‌లో టేప్ అలర్ట్ (డ్రైవ్ ఎగరేసే హెచ్చరిక జెండా) 20 వస్తే ఇప్పుడే తుడవమని, 22 వస్తే క్లీనింగ్ టేపు అయిపోయిందని. ఒకసారి చదివితే ఆ జెండాలు చెరిగిపోతాయి, కాబట్టి వచ్చిన వెంటనే లాగ్‌లో పడాలి. క్లీనింగ్ టేపు బార్‌కోడ్ సీఎల్‌ఎన్‌తో మొదలవ్వాలి, లేదంటే ఎవరో ఒకరు దాని మీద బ్యాకప్ రాయబోతారు.

బార్‌కోడ్ లేబుళ్లు ఆఫీసు ప్రింటర్‌లో మామూలు స్టిక్కర్ కాగితం మీద తీసే పొదుపు మాత్రం చేయకండి. డ్రైవు వేడికి జిగురు వదిలి అంచు లేస్తుంది. లేచిన అంచు ముందు స్లాట్ గోడకు తగులుతుంది, తర్వాత డ్రైవు లోపల ఊడి కూర్చుంటుంది. ఆరు అక్షరాలు, చివర ఎల్9, గాడి లోపల సరిగ్గా అంటించిన కొన్న లేబుల్, అంతే. టేపు మీద ఇంకెక్కడా ఏ కాగితమూ ఉండకూడదు.

మీ ప్రశ్న చివర్లో పాత ఆప్టికల్ జూక్‌బాక్స్ (టేపులకు బదులు డిస్కులు మార్చే లైబ్రరీ) కూడా ఒకటి ఉందన్నారు, దాన్నీ ఎమ్‌టీఎక్స్‌తో నడపొచ్చా అని. నడపొచ్చు, అది కూడా టైప్ 8 పరికరమే, ఎలిమెంట్ల లెక్కా ఇదే. తేడా ఒక్కటే: 5.25 అంగుళాల మ్యాగ్నెటో-ఆప్టికల్ డిస్కుకు రెండు వైపులుంటాయి, డ్రైవ్ ఒకసారికి ఒక వైపే చదువుతుంది. రెండో వైపు కావాలంటే రోబో చెయ్యే డిస్కును తిప్పి పెట్టాలి. స్కజీ మూవ్ కమాండ్‌లో దానికి ఇన్వర్ట్ అనే బిట్ ఉంది, ఎమ్‌టీఎక్స్‌లో అదే పేరుతో ఆప్షన్ ఉంది. తిప్పిన డిస్కును తిరిగి స్లాట్‌లో పెట్టేటప్పుడు మళ్లీ తిప్పి పెట్టడం మరిచిపోతే, తర్వాత ఏ వైపు లోడ్ అయిందో మీ కేటలాగ్‌కు తెలియదు. అందుకే డిస్క్ పేరుతో పాటు ఏ, బీ వైపులను రెండు వేర్వేరు వాల్యూములుగా రాసి, లోడ్ అయ్యాక లోపలి లేబుల్ చదివి పోల్చుకోండి.

ఇవన్నీ చేశాక కూడా 15, 01 వస్తూ ఉంటే, లేదా రోబో చేతిలో టేపు ఇరుక్కుని ప్రతి కమాండూ తిరగ్గొడుతుంటే, ముందు లైబ్రరీ ప్యానెల్ నుంచి దాన్ని ఖాళీ స్లాట్‌కు జరపడానికి ప్రయత్నించండి. అదీ కాకపోతే పవర్ ఆపి, ప్లగ్ తీసి, మ్యాగజైన్లు బయటికి లాగి, అవి తిరిగి పూర్తిగా క్లిక్ అయ్యేదాకా కూర్చున్నాయో లేదో చూడండి. ఇరుక్కున్న టేపును చేత్తో గుంజకండి. సర్వీసు కాల్ పెట్టేటప్పుడు ఎమ్‌టీఎక్స్ స్టేటస్ మొత్తం, ఆ రెండు సెన్స్ సంఖ్యలు, లైబ్రరీ వెబ్ పేజీ నుంచి దించిన లాగ్, ఫర్మ్‌వేర్ వెర్షన్ జత చేయండి. లాగ్‌ను పవర్ ఆపకముందే దించుకోండి.